తలుపులు మూసిన బండిలో పొయ్యి
చలి కాచుకోబోయి ప్రాణం మీదికి తెచ్చుకుంటున్న వైనం

పత్తి బండ్ల వరుసలో చిక్కుకున్న రైతుకు మార్కెట్ యార్డులోనే తెల్లవారుతుంది. నాగోబా జాతరకు తూఫాన్ మాట్లాడుకుని బయలుదేరిన కుటుంబానికి ఆ రాత్రి తూఫానే ఇల్లు. నాగపూర్ రోడ్డు మీద లారీ నడిపే డ్రైవరుకు ఏడాదిలో సగం రాత్రులు క్యాబిన్‌లోనే గడుస్తాయి. కాశీకో, బదరీకో వంట సామానుతో బస్సు కట్టుకుని పోయే యాత్రికుల సంగతీ అంతే. వీరందరికీ చలికాలంలో వచ్చే ఆలోచన ఒక్కటే. అద్దాలు బిగించి, తలుపులు వేసి, లోపల కాస్త నిప్పు పెట్టుకుంటే ఈ రాత్రి గడిచిపోతుంది కదా అని.

గడిచిపోవచ్చు. గడవకనూ పోవచ్చు. ఈ మాట ఎవరినో భయపెట్టడానికి రాస్తున్నది కాదు. బండిలో నిప్పు ఏం చేస్తుందో, గాలి ఏమవుతుందో, తెల్లవారేసరికి అద్దాల మీద అంత నీరు ఎక్కడి నుండి వస్తుందో తెలిస్తే ఎవరికి వారే జాగ్రత్త పడగలరు. మన రెండు జిల్లాల వారికి ఈ సంగతి తెలియడం మరీ అవసరం.

ఎందుకంటే చలి విషయంలో మనది ప్రత్యేకమైన ప్రాంతం. రాష్ట్రంలో కనిష్ఠ ఉష్ణోగ్రతల పట్టిక వెలువడినప్పుడల్లా పైవరుసలో కనబడేవి సిర్పూర్ (యు), తిర్యాణి మండలంలోని గిన్నెదరి, భీంపూర్ మండలంలోని అర్లి (టి) వంటి మన ఊళ్ల పేర్లే. డిసెంబరు, జనవరిలలో అక్కడ 5, 6 డిగ్రీలకు పడిపోయిన రాత్రులు కొత్త కాదు. పగలు 28 డిగ్రీల ఎండ, తెల్లవారుజామున వేళ్లు కొంకర్లు పోయే చలి. ఒకే రోజులో ఇరవై డిగ్రీలకు పైగా తేడా ఉంటుంది. ఈ తేడాయే బండి లోపల నీరు పట్టడానికి మూలం. ఆ కథ తరువాత చెప్పుకుందాం. ముందు ప్రాణాల సంగతి.

ఎనిమిది మంది నిద్రలోనే

2020 జనవరిలో కేరళ నుండి పదిహేను మంది నేపాల్ విహారయాత్రకు వెళ్లారు. తిరుగు దారిలో దామన్ అనే కొండ ఊళ్లో ఒక వసతి గృహంలో రాత్రి బస చేశారు. నాలుగు గదులు తీసుకున్నా, ఎనిమిది మంది మాత్రం ఒకే గదిలో పడుకున్నారు. రెండు జంటలు, నలుగురు పిల్లలు. చలికి ఓర్వలేక గదిలో గ్యాస్ హీటరు వెలిగించుకున్నారు. కిటికీలు, తలుపు లోపలి నుండి గడియ పెట్టుకున్నారు. తెల్లవారి ఎంత పిలిచినా తలుపు తీయలేదు. స్పృహ లేని వారిని హెలికాప్టరులో ఖాట్మండు ఆసుపత్రికి చేర్చారు. ఎనిమిది మందిలో ఒక్కరూ దక్కలేదు.

అగ్ని ప్రమాదం జరగలేదు. పేలుడు లేదు. పొగ కూడా లేదు.  చలిమంట వల్ల చనిపోవడమంటే కాలి చనిపోవడమే అనుకునే మనకు ఇది నమ్మశక్యంగా ఉండదు. కాని మూసిన గదిలో నిప్పు చంపే తీరు ఇలాగే ఉంటుంది.

గదికే ఇంత ప్రమాదముంటే బండి సంగతి చెప్పనక్కరలేదు. ఒక మోస్తరు గదిలో ముప్పై, నలభై ఘనపు మీటర్ల గాలి పడుతుంది. తూఫాన్ వంటి బండిలో పట్టేది పది ఘనపు మీటర్ల లోపే. ఒక కిలో గ్యాసు పూర్తిగా కాలాలంటే పన్నెండు ఘనపు మీటర్లకు పైగా గాలి కావాలి. అంటే బండిలో ఉన్న గాలి మొత్తం ఇచ్చినా కిలో గ్యాసుకు చాలదు. ఇక అందులో పడుకున్న ఏడెనిమిది మంది పీల్చేదేమిటి? గాలి చాలనప్పుడు మంట ఆరిపోవడానికి ముందే అరకొరగా కాలడం మొదలుపెడుతుంది. అరకొరగా కాలిన నిప్పు నుండి పుట్టేదే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు.

సింగరేణి వారికి తెలిసిన సంగతే

మంచిర్యాల, బెల్లంపల్లి, మందమర్రి, రామగుండం వైపు గని కార్మికుల ఇళ్లలో ఈ వాయువు పేరు కొత్తది కాదు. బొగ్గు దానంతట అదే వేడెక్కి లోలోపల రాజుకున్నప్పుడు గనిలో మొదట పుట్టేది ఇదే. గనిలో దీని జాడ కనబడితే ఆ భాగాన్ని గోడ కట్టి మూసివేస్తారు. భూగర్భంలోకి దిగే కార్మికుడు నడుముకు కట్టుకునే సెల్ఫ్ రెస్క్యూయర్ డబ్బా ఈ వాయువు నుండి కాపాడటానికే. పూర్వం బ్రిటన్ గనులలో పంజరంలో చిన్న పిట్టలను పెట్టుకుని దిగేవారు. మనిషి కంటే ముందు పిట్ట సొమ్మసిల్లి పడితే గాలి చెడిందని గుర్తు. ఆ పిట్టలను 1986 వరకు అక్కడ వాడారు.

ఇంత జాగ్రత్త ఎందుకంటే దీనికి రంగు లేదు, వాసన లేదు, కంటిని మండించదు, దగ్గు తెప్పించదు. మన నెత్తురు ఊపిరిలోని ప్రాణవాయువును మోసుకుపోయి ఒంటికి అందిస్తుంది కదా, ఆ నెత్తురుకు ప్రాణవాయువు కంటే ఈ వాయువు మీద రెండు వందల రెట్లకు పైగా మోజు. కొద్దిపాటి దొరికినా దీన్నే పట్టుకుంటుంది, వదలదు. మనిషి గాలి పీలుస్తూనే ఉంటాడు, ఛాతీ ఆడుతూనే ఉంటుంది, ఒంటికి మాత్రం ప్రాణవాయువు అందదు.

గని కార్మికుడు డబ్బా కట్టుకుని దిగుతాడు. అదే కార్మికుడి ఇంట్లో చలికాలం రాత్రి కుంపటి లోపల పెట్టుకుని తలుపు వేసుకోవడం మాత్రం జరుగుతూనే ఉంటుంది. భూమి కింద ఉన్న భయం భూమి మీదికి వచ్చేసరికి పోతుంది కాబోలు.

ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయం గురించి చెప్పాలి. పొగ వచ్చే కట్టెలకే ప్రమాదం, పొగ పోయి ఎర్రగా కణకణలాడే బొగ్గులకు ప్రమాదం లేదని చాలామంది నమ్మకం. అందుకే బయట రాజేసి, పొగ పోయాక బండిలోకో గదిలోకో తెచ్చుకుంటారు. నిజం దీనికి తలకిందులు. పొగ ఉంటే కళ్లు మండి మనిషే బయటికి పరుగెత్తుతాడు. కణకణలాడే బొగ్గు నుండి విషవాయువు ఎక్కువగా వస్తుంది, హెచ్చరిక మాత్రం ఏమీ ఉండదు. కుంపటి పక్కన చెంబెడు నీళ్లు పెడితే గ్యాసును పీల్చుకుంటాయని మరికొందరు చెబుతారు. ఈ వాయువు నీళ్లలో కరిగేది కాదు. చెంబు కాదు, కాగు నిండా పెట్టినా ఫలితం లేదు.

ఈ మధ్య ఐదు కిలోల చిన్న సిలిండరు మీద తలలా బిగించే గ్యాస్ హీటర్లు వస్తున్నాయి. పెద్ద ఊళ్లలో దొరుకుతున్నాయి. ఎర్రటి జాలీ వెలిగి చూడముచ్చటగా ఉంటుంది, పొగ రాదు, మసి పట్టదు. కాని దానికీ గాలి కావాల్సిందే, కాలిన గాలి ఎక్కడికో పోవాల్సిందే. పొగగొట్టం లేని ఏ పొయ్యి అయినా తాను కాల్చిన గాలిని మనం పీల్చే గాలిలోనే వదులుతుంది. చలి దేశాలలో బండిలోనే నివసించే వారు కూడా ఈ పాఠం కష్టపడి నేర్చుకున్నవారే. అక్కడ తెలిసినవారు వాడే హీటరు వేరు. దాని మంట మూసిన డబ్బాలో ఉంటుంది. గాలిని బండి బయటి నుండి తీసుకుంటుంది, పొగను గొట్టంతో బయటికే వదులుతుంది, లోపలికి వెచ్చని గాలి మాత్రమే వస్తుంది. మన వద్ద బండ్లలో వెలిగించేది వంట పొయ్యి. వండుకోవడానికి చేసినదానితో చలి కాచుకోబోతే వచ్చే చిక్కే ఇదంతా.

ఇంజను నడిపి పెట్టి, హీటరు వేసుకుని, అద్దాలు మూసి పడుకోవడం కూడా మంచిది కాదు. పాత బండ్లలో పొగగొట్టం చిల్లులు పడి ఉంటుంది. నిలిపిన బండి కిందే పొగ గూడు కట్టి, నేలలోని సందుల గుండా లోపలికి వస్తుంది. గోడ పక్కనో, గడ్డివామి పక్కనో నిలిపితే మరీను.

అద్దం మీది నీరు చెప్పే మాట

రాత్రి పొడిగా ఉన్న బండి తెల్లవారేసరికి లోపలంతా తడి. అద్దాల మీద ధారలు, పైకప్పు నుండి చుక్కలు, కప్పుకున్న బొంత అంచు చెమ్మ. వాన పడలేదు, మంచు లోపలికి రాలేదు. మరి ఈ నీరెక్కడిది?

చల్లటి నీళ్లు పోసిన చెంబుకు బయటివైపు చెమట పట్టడం అందరూ చూసినదే. ఆ నీరు చెంబు లోపలి నుండి రాలేదు, గాలిలో ఉన్న ఆవిరి చల్లని లోహాన్ని తాకి నీరైంది. వెచ్చని గాలి ఎక్కువ ఆవిరిని మోయగలదు, చల్లని గాలి మోయలేదు. 25 డిగ్రీల గాలి ఘనపు మీటరుకు 23 గ్రాముల ఆవిరిని పట్టి ఉంచగలదు. అదే గాలి 5 డిగ్రీలకు చల్లబడితే 7 గ్రాములకు మించి మోయలేదు. మిగిలినది ఎక్కడో ఒకచోట దింపేయాలి. బండిలో అన్నింటికంటే చల్లనివి అద్దమూ, పైరేకూ కాబట్టి అక్కడే దింపుతుంది. నిర్మలమైన ఆకాశం కింద నిలిపిన బండి పైరేకు బయటి గాలి కంటే కూడా చల్లబడిపోతుంది. చెట్టు కింద నిలిపిన బండికి ఇంత తడి పట్టదు, గమనించండి.

ఇక ఆవిరి ఎవరిస్తున్నారు? మొదటిది మనమే. పడుకున్న మనిషి ఊపిరి నుండి, ఒంటి నుండి రాత్రికి పావు లీటరు పైచిలుకు నీరు ఆవిరిగా పోతుంది. ఆరుగురు పడుకుంటే లీటరున్నర అయింది. ఆరబెట్టిన తడి తువాళ్లు, పిల్లల బట్టలు వేరే లెక్క.

రెండవది గ్యాసు. ఇది చాలామందికి తెలియదు. గ్యాసు కాలితే నీరు పుడుతుంది. మన సిలిండరులో ఉండేవి ప్రొపేను, బ్యూటేను అనే రెండు వాయువులు. ఏది కాలినా కిలోకు కిలోన్నరకు పైగా నీరు ఆవిరిగా వస్తుంది. ఇంట్లో వాడే 14.2 కిలోల సిలిండరు అయిపోయేసరికి సుమారు 22 లీటర్ల నీరు పుట్టి ఉంటుంది. ఇంటింటికీ వచ్చే ఇరవై లీటర్ల నీళ్ల డబ్బా నిండి ఇంకా మిగులుతుందన్నమాట. వంటింటికి కిటికీ, చూరు సందు ఉంటాయి కాబట్టి తెలియకుండా పోతుంది. మూసిన బండిలో చిన్న మంట మీద గంటసేపు పొయ్యి వెలిగితే నూరు గ్రాముల గ్యాసుకు నూటయాభై గ్రాముల పైన నీరు. ఆ బండి గాలి మొత్తం చలిలో మోయగలిగినదానికి ఇది రెట్టింపు. పక్కబట్టలు ఆరతాయని పొయ్యి వెలిగిస్తే జరిగేది మరింత తడవడమే. తడిసిన బొంత చలిని ఆపదు, అందువల్ల మళ్లీ పొయ్యి. ఈ చక్రానికి అంతుండదు.

అయితే ఈ తడి వల్ల ఒక మేలు ఉంది. విషవాయువు కంటికి కనబడదు, అద్దం మీది నీరు కనబడుతుంది. అద్దాలు చెమ్మగిల్లి బయటేమీ కనబడటం లేదంటే, లోపలి గాలి లోపలే తిరుగుతోందని అర్థం. ఆవిరి పోవడానికి దారి లేనిచోట ఆ వాయువు పోవడానికీ దారి లేదు. పొయ్యి వెలుగుతుండగా అద్దం తడిసిందా, వెంటనే పొయ్యి ఆర్పి తలుపు తీయాలి. దీన్ని తిప్పి చదువుకోరాదు. అద్దం పొడిగా ఉంది కాబట్టి భయం లేదనుకోవడం తప్పు. బొగ్గు కుంపటి కాలితే నీటి ఆవిరి దాదాపు ఉండదు. అద్దం పొడిగానే ఉంటుంది, గాలి మాత్రం విషమవుతుంది. ఆ విధంగా కుంపటి గ్యాసు కంటే గుట్టుగా పని చేస్తుంది.

సిలిండరు లీకయ్యే ప్రమాదం దీనికి అదనం. ఈ రెంటినీ కలిపి మాట్లాడుకోవడం వల్ల గందరగోళం వస్తోంది. కాలని గ్యాసు గాలి కంటే బరువు, నేలబారున పేరుకుంటుంది. బండిలో పడుకునేది నేల మీదనే కదా. దానికి వాసన కలిపి ఉంచుతారు కాబట్టి ముక్కు పట్టేస్తుంది, నిద్రలో ఉన్న ముక్కు అంత చురుకుగా ఉండదు. కాలిన తరువాత పుట్టే విషవాయువు బరువూ గాలి బరువూ దాదాపు సమానం, అది అంతటా కలిసిపోతుంది, దానికి వాసన లేదు. గ్యాసు వాసన రాలేదు కాబట్టి అంతా బాగుందనుకోవడం ఈ రెంటి తేడా తెలియకపోవడమే.

నిలిచి ఉన్న బండి

2023 ఆగస్టు 26 తెల్లవారుజామున మధురై స్టేషను వద్ద నిలిపి ఉంచిన ఒక ప్రత్యేక బోగీ తగలబడింది. లక్నో నుండి యాత్రకు వచ్చిన వారు అందులో ఉన్నారు. రైలులోకి తేకూడదని నిషేధమున్నా గ్యాసు సిలిండరు తెచ్చుకున్నారు. పొద్దున్నే టీ కాచుకోవడానికి వెలిగించగా మంటలు లేచి తొమ్మిది మంది చనిపోయారు. బోగీ నడవడం లేదు. కిందికి దిగి కాచుకునే వీలున్న చోటనే ఇది జరిగింది.

మన వారినీ ఇటువంటి కష్టం తాకింది. 2025 జనవరిలో భైంసా ప్రాంతం నుండి ఉత్తరాది యాత్రకు వెళ్లిన బస్సు బృందావనంలో నిలిపి ఉండగా దగ్ధమైంది. తక్కినవారు కిందికి దిగి ఉన్నారు. బస్సులోనే ఉండిపోయిన వృద్ధుడొకరు మరణించారు. మంట ఏ విధంగా పుట్టినా, నిలిపిన బండిలో పడుకున్న ముసలివారికీ పిల్లలకూ బయటపడే వ్యవధి ఉండదనేది ఆ రోజు తెలిసింది. యాత్ర బస్సులో సిలిండరు ప్రయాణికుల కాళ్ల దగ్గరో, వెనుక సీటు కిందో ఉండటం ఇప్పటికీ చూస్తున్నదే.

మన జిల్లాల నుండి, ముఖ్యంగా జగిత్యాల, సిరిసిల్ల వైపు నుండి గల్ఫ్ వెళ్లిన వారికీ ఈ ముప్పు ఉంది. ఎడారి ఎండ గురించే మనం వింటాం. కాని డిసెంబరు, జనవరిలలో అక్కడ రాత్రి చలి గట్టిగానే ఉంటుంది. ఎడారిలో గొర్రెలు, ఒంటెలు కాసే వారు గుడారాలలో, రేకుల గదులలో బొగ్గు రాజేసుకుని పడుకుంటారు. అక్కడి పౌర రక్షణ శాఖలు చలికాలం వచ్చిందంటే బొగ్గు లోపల కాల్చవద్దని హెచ్చరికలు చేస్తుంటాయి. ఆ హెచ్చరికలు అరబ్బీలోనో ఇంగ్లీషులోనో ఉంటాయి. తెలుగులో చెప్పవలసింది ఫోనులో మాట్లాడే ఇంటివారే. “మంచిగున్నవా, తిన్నవా” అని అడిగే మాటల్లో “బొగ్గులు బయట పెట్టి పండుతున్నవా” అనేది కూడా చేర్చుకోవాలి.

మర్రిచెట్టు కింద

పుష్య అమావాస్యకు జరిగే కేస్లాపూర్ నాగోబా జాతర సంగతి చూడండి. మెస్రం వంశీయులు జన్నారం మండలం కలమడుగు వద్ద గోదావరిలోని హస్తినమడుగు నుండి జలం తెస్తారు. కాలినడకన అడవి దారుల్లో రోజుల తరబడి నడుస్తారు. మంచి చలికాలం. కేస్లాపూర్ చేరాక బస మర్రిచెట్ల కింద. వందల కుటుంబాలు వచ్చినా వంట 22 పొయ్యిల మీదనే వంతులవారీగా చేసుకోవడం అక్కడి ఆచారం. చలికి నెగళ్లు వేసుకుంటారు, అవీ ఆరుబయటే. చలి వేస్తుంది, వేయదని కాదు. కాని ఆరుబయట మంట చుట్టూ కూర్చున్న మనిషికి గాలి కరువు లేదు. జాతరకు బండ్లు పెరిగాయి. అదే మైదానంలో అద్దాలు మూసుకుని లోపల వెచ్చగా పడుకోవాలనుకునే వారూ పెరిగారు. ఆరుబయట వారి కంటే తమకే క్షేమమని వీరి నమ్మకం.

“తలుపు తియ్యకు తమ్మీ, సలి లోపటికొస్తది” అనే మాట రాత్రి ప్రతి బండిలో వినబడేదే. చలి రాకుండా ఆపడానికి తలుపు కంటే మంచి ఉపాయాలు మన పెద్దల దగ్గరే ఉన్నాయి. గొర్ల మందతో రాత్రుళ్లు చేలల్లో పడుకునే గొల్లకురుమలు గొంగడి ఒక్కటి చుట్టుకుని తెల్లవార్లూ ఉంటారు. ఉన్నికి ఒక గుణముంది. తన బరువులో మూడో వంతు దాకా చెమ్మను లోపలికి పీల్చుకుని కూడా తడిగా తగలదు, వెచ్చదనం పోదు. నైలాను దుప్పటికి ఆ గుణం లేదు. వ్యానులో పడుకునే వారు ఇంటి నుండి రెండు గొంగళ్లు తెచ్చుకుంటే సిలిండరు బరువు మోయనక్కర లేదు.

రెండోది, చలి పైనుండి వస్తుందని మనమనుకుంటాం. బండిలో అది ఎక్కువగా వచ్చేది కింది నుండి. ఇనుప నేల ఒంటి వేడిని లాగేస్తుంది. వరిగడ్డి పరిచి దాని మీద బొంత వేసుకుంటే పైన కప్పుకునే రెండు దుప్పట్ల పెట్టు. ఆ గడ్డి దగ్గర బీడీ, అగ్గిపుల్ల మాత్రం కూడదు. పడుకునే ముందు బయట మంట దగ్గర ఒళ్లు కాచుకుని, నాలుగు గుటకలు వేడిగా ఏదైనా తాగి, సీసాలో వేడినీళ్లు పోసి గుడ్డ చుట్టి కాళ్ల దగ్గర పెట్టుకుంటే సగం రాత్రి గడిచినట్టే. ఇటుకను మంట పక్కన వేడి చేసి గోనెసంచిలో చుట్టి పెట్టుకోవడం పాత పద్ధతి, ఇప్పటికీ పనికి వస్తుంది. మంట మాత్రం బయటనే ఆర్పి, నీళ్లు చల్లి రావాలి. మిగిలిన నిప్పులు పారేయడానికి మనసొప్పక బండిలోకి తెచ్చుకోవడమే అసలు తప్పు.

ఎదురెదురు అద్దాలు రెండు వేళ్ల సందు వదిలి ఉంచాలి. ఒక్కటే తెరిస్తే గాలి ఆడదు. దీనివల్ల చలి కొంత వస్తుంది, దానికి బదులు పక్కబట్టలు పొడిగా ఉంటాయి. పొడి పక్కలో ఆ చలి లెక్కలోకి రాదని పడుకుని చూసిన వారికి తెలుస్తుంది. వంట తప్పనిసరి అయితే పొయ్యి దించి, బండికి దూరంగా గాలివాలు చూసుకుని వండుకోవాలి. వండాక రెగ్యులేటరు కట్టేయడమే గాక సిలిండరును రాత్రికి బండి బయట నిలువుగా ఉంచాలి. మంట నీలంగా కాక పసుపుగా వస్తున్నా, గిన్నె అడుగుకు మసి పడుతున్నా పొయ్యి సరిగా మండటం లేదని గుర్తు. అటువంటి పొయ్యి ఆరుబయట కూడా బాగు చేయించుకున్నాకే వాడాలి. విషవాయువును పసిగట్టి మోగే చిన్న పెట్టెలు ఇప్పుడు దొరుకుతున్నాయి. యాత్ర బస్సులు నడిపే వారు ఒకటి కొని తగిలించినా నష్టపోయేదేమీ ఉండదు.

తలనొప్పి ఒక్కరిదా, అందరిదా

ఈ వాయువు సోకినప్పుడు మొదట తలనొప్పి, తరువాత కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్టుండటం, కాళ్లలో సత్తువ లేకపోవడం. ప్రయాణ బడలిక అనో, తిన్నది పడలేదనో అనుకుంటాం. తేడా ఏమిటంటే బండిలో ఉన్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి ఇట్లా అవుతుంది. బయటికి వస్తే తగ్గుతుంది, లోపలికి పోతే మళ్లీ వస్తుంది. పిల్లలకు ముందుగా తెలుస్తుంది. గర్భిణులకు, గుండె జబ్బు వారికి మరీ ప్రమాదం. లేచి తలుపు తీయాలని తోచినా కాళ్లు లేవని పరిస్థితి త్వరగానే వస్తుంది. అందుకే అనుమానం రాగానే లేవాలి, ఇంకాసేపు చూద్దామనుకోరాదు.

ఎవరైనా పిలిస్తే పలకని స్థితిలో కనబడితే ముందు తలుపులన్నీ తెరిచి వారిని బయటి గాలిలోకి లాగాలి. గ్యాసు వాసన కూడా ఉంటే అగ్గిపుల్ల, లైటు స్విచ్చి ముట్టుకోవద్దు. 108కి ఫోను చేయాలి. గ్యాసు లీకుకు 1906 నంబరు వేరే ఉంది. ఆసుపత్రిలో ప్రాణవాయువు పెట్టడమే దీనికి వైద్యం. మామూలు గాలిలో ఈ వాయువు నెత్తురులో సగానికి తగ్గాలంటే నాలుగైదు గంటలు పడుతుంది. మాస్కు పెట్టి ప్రాణవాయువు ఇస్తే గంట, గంటన్నరలో తగ్గుతుంది.

ఆసుపత్రిలో తప్పకుండా చెప్పవలసిన మాట ఒకటుంది. “మూసిన బండిలో కుంపటి పెట్టుకున్నం” అని, లేదా “గ్యాసు వెలిగించుకున్నం” అని మొదటే చెప్పాలి. వేలికి తగిలించి ప్రాణవాయువు చూసే చిన్న యంత్రం ఈ విషయంలో మోసపోతుంది. నెత్తురు ఎర్రగా ఉంటే చాలు, అది 98, 99 అని చూపిస్తుంది. కుంపటి సంగతి దాచినా, చెప్పడం మరచినా రోగికి ఏమీ లేదని ఇంటికి పంపే అవకాశముంది.

పత్తి బండి మాట

చివరగా పత్తి రైతుల సంగతి. ఆదిలాబాద్, జమ్మికుంట మార్కెట్లకు రాత్రే చేరుకుని బొలెరోలోనో, ట్రాక్టరు కిందనో పడుకునే వారు ఎందరో. పత్తి పక్కన పొయ్యి పెట్టవద్దని ఎవరూ చెప్పనక్కర లేదు, అయినా టార్పాలిన్ చాటున గాలి తగలకుండా టీ కాచుకోవడం కద్దు. నిప్పు భయం ఒకటైతే, తేమ నష్టం మరొకటి.

సీసీఐ వారు 8 శాతం తేమ వరకే పూర్తి మద్దతు ధర ఇస్తారు. ఆపై 12 శాతం వరకు ప్రతి శాతానికి ధరలో ఒక శాతం కోత, 12 దాటితే కొనరు. 2025-26 సీజనుకు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. అంటే ఒక్కో శాతానికి 81 రూపాయలు పోతాయి. పదిహేను క్వింటాళ్ల బండి రెండు శాతం ఎక్కువ చూపిస్తే రెండు వేల నాలుగు వందల రూపాయల పైన నష్టం.

రాత్రి గట్టిగా బిగించి కప్పిన టార్పాలిన్ లోపలివైపు తెల్లవారి చేయి పెట్టి చూస్తే తడి తెలుస్తుంది. పగటి ఎండకు వేడెక్కిన పత్తి నుండి వచ్చిన ఆవిరే చల్లబడిన కవరుకు అంటి నీరై మళ్లీ పత్తి మీద పడుతుంది. ఇది బండి అద్దం మీద పట్టే నీరు వంటిదే. కవరు పత్తికి అంటుకోకుండా మధ్యలో రెండు కర్రలు ఎత్తి పెట్టి, రెండు కొసల గాలి ఆడే సందు వదలాలి. పైనుండి మంచు మాత్రం పడకుండా చూసుకోవాలి. పొద్దు పొడిచాక కవరును ఒక్కసారిగా గుంజితే దాని నీళ్లన్నీ పత్తి మీద చిలుకుతాయి. ఒక పక్క నుండి మడుచుకుంటూ తీసి, లోపలివైపు ఎండకు తిప్పి ఆరేసి, పై పొరను చేత్తో కదిలించి గంటసేపు ఎండ తగలనివ్వాలి. తేమ చూసేవారు వచ్చే వేళకు ఈ పని అయిపోయి ఉండేట్టు చూసుకుంటే మంచిది.